హవాయి సముద్రానికీ టికెట్ లేదు

వైజాగ్‌లో పుట్టి పెరిగినవాళ్లు హవాయి వెళ్లి బీచ్ కోసం డబ్బు తగలేశారని వింటే నాకు ఒళ్లు మండుతుంది. విమానానికి పెట్టండి, తప్పదు. గదికీ తప్పదు. తిండికి ఎంతో కొంత అవుతుంది. ఆ తర్వాత కూడా పర్సు తీస్తూనే ఉన్నారంటే, ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ పెరిగిన మనకు అది నామోషీ కాదూ?

అమెరికాలో మన తెలుగు సంఘం పిక్నిక్‌లో ఎప్పుడూ ఇదే గోడు. "వెళ్లొచ్చాం గానీ, కార్డు బిల్లు చూస్తే గుండె ఆగినంత పనైంది" అంటారు. ఏం చేశారని అడిగితే, ఒక లువావు విందు (తలకి వంద డాలర్లు దాటుతుంది, మాంసం తినని ఇంట్లో అందరూ అన్నం, పండ్లతో సరిపెట్టుకుంటారు), ఒక పడవ షికారు, ఇసకలో గొడుగుకీ కుర్చీకీ అద్దె. ఇసకలో కూర్చోడానికి అద్దె! మా ఇంట్లో తుండుగుడ్డ పరిచేవాళ్లం. అదీ లేకపోతే చెప్పులు తీసి వాటి మీద కూర్చునేవాళ్లం.

హవాయిలో బీచ్ ఏ హోటల్ సొత్తూ కాదు. 1968లో ఆష్‌ఫర్డ్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు ఈ సంగతి తేల్చింది. అల ఎంత పైదాకా ఎక్కుతుందో అంతవరకూ తీరం జనానిదే. దానికి ఆనవాలు ఒడ్డున పచ్చదనం మొదలయ్యే చోటు, లేదా అల వదిలేసిన చెత్త గీత. మావీ దీవిలో వైలేయా లాంటి చోట రాత్రికి వందల డాలర్లు గుంజే హోటళ్ల మధ్య నుంచి కూడా సముద్రానికి దారి ఉంటుంది. పక్కనే చిన్న బోర్డు, నాలుగు కార్లు పట్టే స్థలం. ఆ దారిలో నడిచి వెళ్లినవాడిదీ, పై అంతస్తు గదిలో దిగినవాడిదీ ఒకటే నీళ్లు, ఒకటే ఇసక.

షిప్‌యార్డులో చేసి రిటైరైన మా బాబాయి ఈ కోర్టు తీర్పుల గురించి ఏమీ తెలియకుండానే హొనొలులుని అనుభవించి వచ్చాడు. కొడుకూ కోడలూ టూర్ ప్యాకేజీలు చూసుకుంటుంటే, ఆయన తెల్లారగట్లే లేచి వైకీకీ ఒడ్డంట నడిచేవాడు. వైజాగ్ బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్లు ఆపేసిన వేళ నడిచే అలవాటు మరి. కుహియో బీచ్ దగ్గర డ్యూక్ కహనమోకు కంచు విగ్రహం ఉంది. రెండు చేతులూ చాపి నిలబడి ఉంటాడు. ఆ చేతుల మీద జనం వేసిన పూలదండలు వేలాడుతూ, పాతవి వాడుతూ, కొత్తవి వాటి మీద పడుతూ ఉంటాయి. "ఎవరీ పెద్దమనిషి, దేవుడికేసినట్టు దండలేస్తన్నారు?" అని అడిగాడట. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో బంగారు పతకం కొట్టినవాడని, సర్ఫింగుని ప్రపంచానికి చూపించినవాడని తెలిశాక బాబాయికి వచ్చిన అనుమానం ఒకటే. "మరి సముద్రానికి వీపెట్టి నిలబెట్టీసేరేటి?" విగ్రహం పెట్టినప్పుడు అక్కడివాళ్లు కూడా సరిగ్గా ఇదే గొడవ చేశారు. సర్ఫింగ్ చేసేవాడు సముద్రానికి వీపు చూపించడు కదా.

అక్కడే ఊడలు దిగిన మర్రి ఉంది. కొన్ని సాయంత్రాలు దాని పక్కన శంఖం ఊది, దివిటీలు వెలిగించి హులా ఆడతారు. గడ్డి మీద ఎవరైనా కూర్చోవచ్చు, పైసా అడగరు. (మర్రి అంటే గుర్తొచ్చింది. మావీలో లహైనా ఊళ్లో 1873లో నాటిన పెద్ద మర్రి మన దేశం నుంచి వెళ్లిందే. 2023 మంటల్లో కాలిపోయి మళ్లీ చిగురేసింది.)

అన్నీ ఉచితం అనను. హనౌమా బేలో చేపల మధ్య ఈదాలంటే బయటివాళ్లు పాతిక డాలర్లు కట్టాలి. డైమండ్ హెడ్ కొండెక్కడానికి బయటివాళ్లకి అయిదు డాలర్లు, ముందే బుక్ చేసుకోవాలి. రెండు చోట్లా స్థానికులకి ఉచితం. దీని మీద సణిగేవాళ్లతో నాకు పడదు. పగడపు దిబ్బని తొక్కి పాడుచేసేది ఎక్కువగా మనలాంటి చుట్టపుచూపువాళ్లే. 2026 నుంచి హోటల్ గదుల మీద పన్ను కూడా ముప్పావు శాతం పెంచారు, పర్యావరణం కోసం. అది కట్టేది కూడా మనమే, కట్టాల్సిందే.

అలాగైతే 2023లో రుషికొండ బీచ్‌కి ఇరవై రూపాయల టికెట్ పెడతామన్నప్పుడు ఎందుకు గొంతు చించుకున్నావని ఒకాయన నన్ను నిలదీశాడు. ఎందుకంటే ఆ ఇరవై రూపాయలు పడేది రోజూ అక్కడికొచ్చే వైజాగ్ జనం నెత్తిన. హవాయిలో ఊరివాడిని వదిలేసి అతిథిని అడుగుతున్నారు. వైజాగ్‌లో ఊరివాడినే అడగబోయారు. జనం గోల చేస్తే వెనక్కి తగ్గారు. ఆర్కే బీచ్‌లో ఇసక కోతకి పోకుండా హార్బర్ నుంచి డ్రెడ్జర్లతో తవ్వి తెచ్చి పోస్తున్నది ప్రభుత్వ సొమ్ముతోనే కదా. ఒకసారి కట్టినదానికి మళ్లీ గేటు దగ్గర ఎందుకు?

చలికాలం సెలవులకి వైజాగ్ వచ్చే మనవాళ్లు మరీ విడ్డూరం. "ప్రైవేట్ బీచ్ ఉన్న రిసార్ట్ ఏదైనా చెప్పండి, పిల్లలకి జనం గోల పడదు" అని అడుగుతారు. అదే పిల్లల్ని హొనొలులు ఉన్న ఓహూ దీవిలో లనియకేయా ఒడ్డుకి తీసుకెళ్లి, ఎండ కాచుకుంటున్న తాబేళ్లకి పది అడుగుల దూరంలో నిలబెట్టి ఫొటోలు తీస్తారు. వైజాగ్‌లోనే సాగర్ నగర్ దగ్గర అటవీ శాఖవాళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు తెచ్చి ఇసకలో దాచి పొదిగించి, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున వెళ్తే అరచేతిలో పట్టేంత తాబేలు పిల్ల అల వైపు ఎలా పాకుతుందో చూడొచ్చు. దానికి ఎవరూ ఏమీ తీసుకోరు. మనవాళ్లలో చూసినవాళ్లు ఎందరు?

ఒక్క విషయంలో మాత్రం వైజాగ్ ధీమా పనికిరాదు. చలికాలంలో ఓహూ ఉత్తర తీరంలో అలలు ఇరవై అడుగులు దాటి లేస్తాయి. వైజాగ్ కోస్టల్ బ్యాటరీ దగ్గర సముద్రం కాలు లాగేయడం చూసినవాడికి కూడా అది వేరే లెక్క. లైఫ్‌గార్డ్ ఉన్న బీచ్‌లోనే దిగండి, దిగే ముందు ఆయన్ని ఒక మాట అడగండి. అది కూడా ఉచితమే. ఇక నేను చెప్పిన ఆ చిన్న పార్కింగ్ స్థలాలు పొద్దున్నే నిండిపోతాయి. అమెరికా తూర్పు వైపు నుంచి వెళ్లేవాళ్లకి బెంగ లేదు. టైము తేడా వల్ల మొదటి రెండు మూడు రోజులు ఎలాగూ తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది.