గుడ్డ కడితే సరిపోదా అని అడిగేవాళ్లకు

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. 'డైపర్లు పోగుచేసి పేదవాళ్లకు పంచడం దండగ. మన అమ్మమ్మలు గుడ్డలతోనే పెంచలేదా? డైపర్ లేకపోతే ప్రాణం పోదు. ఊరికే ఇస్తే సోమరితనం అలవాటవుతుంది. ఆ డబ్బుతో పాలు కొనివ్వండి' అని దాని సారాంశం. నిజమే కదా అనుకుని మంచివాళ్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు. అందుకే రాస్తున్నాను.

గుడ్డ మంచిదే. వీలున్నవాళ్లు నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆ వీలు ఎంతమందికి ఉందన్నదే ప్రశ్న. పసిగుడ్డుకు రోజుకు 8 నుంచి 12 సార్లు మార్చాలి. అన్ని గుడ్డలూ ఉతకడానికి నీళ్లు కావాలి, సబ్బు కావాలి, ఆరేసుకునే చోటు కావాలి, అన్నిటికీ మించి ఉతికే మనిషి కావాలి. ఒకే గదిలో కాపురం, బయట ముసురు. అలాంటప్పుడు సగం ఆరిన గుడ్డనే మళ్లీ కట్టాల్సి వస్తుంది. అమెరికాలో డబ్బులు వేసి ఉతుక్కునే లాండ్రీలు చాలావాటిలో మలం అంటిన గుడ్డలు వెయ్యనివ్వరు. అమ్మమ్మకు ఆ పనిలో సాయం పట్టడానికి ఇంట్లో ఇంకో మనిషి ఉండేది. ఇప్పటి పేద తల్లి ఒక్కతే, పైగా పొద్దున్నే పనికి పోవాలి.

సోమరితనం అన్న మాట నాకు ఇక్కడే గుచ్చుకుంటుంది. అక్కడ పిల్లల్ని చూసుకునే కేంద్రాలు చాలావరకు ఆ రోజుకు సరిపడా డైపర్లు ఇంటి నుంచే తెమ్మంటాయి, గుడ్డలు ఒప్పుకోవు. సంచిలో డైపర్లు లేకపోతే బిడ్డను తీసుకోరు. బిడ్డను తీసుకోకపోతే తల్లి పనికి పోలేదు. ఆ రోజు జీతం పోయిందంటే రేపటి డైపర్లూ లేనట్టే. పనికి పోవడానికి కావలసిన వస్తువు ఇస్తే సోమరులవుతారా? పైగా డైపర్ బ్యాంకులు, అంటే డైపర్లు పోగుచేసి పేద కుటుంబాలకు ఊరికే పంచే సంస్థలు, చాలాచోట్ల ఒక బిడ్డకు నెలకు ఇచ్చేది 50 దరిదాపుల్లోనే. అవి వారం పది రోజులకు మించి రావు. మిగతావన్నీ ఆ తల్లిదండ్రులు కొనుక్కుంటున్నవే.

పాల సంగతి. పాలు వద్దని ఎవరన్నారు? కానీ అమెరికాలో స్నాప్, విక్ అనే ప్రభుత్వ పథకాల కింద తిండి కొనుక్కోవచ్చు, డైపర్లు కొనడానికి మాత్రం వీల్లేదు. ఆ ఖాళీని పూడ్చడానికే ఈ బ్యాంకులు పుట్టాయి.

ఇక ప్రాణం పోదన్న మాట. అమెరికాలోని న్యూహేవెన్ నగరంలో జోవాన్ గోల్డ్‌బ్లమ్ అనే సామాజిక కార్యకర్త కొన్ని ఇళ్లలో తల్లులు వాడేసిన డైపర్‌లోని మలం దులిపి, ఆరబెట్టి, మళ్లీ అదే తొడగడం చూసింది. 2004లో అక్కడ డైపర్ బ్యాంకు పెట్టింది. అలా మళ్లీ తొడిగితే ఏమవుతుంది? మూత్రం, మలం కలిసి చర్మాన్ని నానబెడతాయి. మలంలోని ఎంజైములు ఆ మెత్తబడ్డ చర్మాన్ని కొరికేస్తాయి. ముందు ఎర్రగా కందుతుంది, తర్వాత ఒరుసుకుపోతుంది, ఆపైన ఫంగస్ చేరుతుంది. తుడవబోతే బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపు వింటూ ఏమీ చెయ్యలేని తల్లి టెన్షన్ చిన్నది కాదు. అదే నగరంలో చేసిన సర్వే 2013లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. అందులో సుమారు 30 శాతం తల్లులు డైపర్లకు కటకటగా ఉందన్నారు. మానసికంగా నలిగిపోతున్న తల్లుల్లో ఈ ఇబ్బంది ఎక్కువగా కనిపించింది.

నేను సెలవు రోజుల్లో ఇలాంటి డైపర్ బ్యాంకులో డైపర్లు సర్దుతుంటాను. విప్పిన ప్యాకెట్లు కూడా వస్తాయి. ఒక్కొక్కటీ తీసి, అంటించే పట్టీ ఊడిందా, తేమ తగిలిందా చూసి, సైజుల వారీగా 25 చొప్పున కట్టలు కడతాం. చిన్న సైజులు బోలెడు వస్తాయి. 5, 6 లాంటి పెద్ద సైజుల అర మాత్రం ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. మీ పిల్లవాడికి బిగుతై అలమరలో పడి ఉన్న సగం ప్యాకెట్ ఆ సైజుదే అయితే, అలాగే తెచ్చి ఇవ్వండి.