పేపర్లకు లెక్కుంది, తప్పు పట్టేవాళ్లేరీ?

2025 మేలో రెండు కబుర్లు వచ్చాయి. మొదటిది మన పత్రికలు పెద్దక్షరాలతో వేశాయి. అమరావతి క్వాంటమ్ వ్యాలీకి ఐబీఎం వారి క్వాంటమ్ కంప్యూటర్, క్వాంటమ్ సిస్టమ్ టూ వస్తోందని, అందులో 156 క్యూబిట్ల (క్వాంటమ్ కంప్యూటర్ లెక్కకు వాడే మూల యూనిట్ల) హెరాన్ ప్రాసెసర్ ఉంటుందని, టీసీఎస్ తోడుంటుందని. రెండో కబురు, పరిశోధకులు తమ పేపర్లను అందరికీ పెట్టే ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో ఒక పేపర్‌గా వచ్చింది, మన దగ్గర పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. గూగుల్‌లో పనిచేసే క్రెయిగ్ గిడ్నీ అనే పరిశోధకుడు, ఇంటర్నెట్ రహస్యాలను కాపాడే 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని తెరవడానికి 10 లక్షల లోపు క్యూబిట్లు, వారంలోపు సమయం సరిపోతాయని లెక్క తేల్చాడు. ఇదే గిడ్నీ 2019లో మార్టిన్ ఎకెరోతో కలిసి వేసిన లెక్కలో 2 కోట్ల క్యూబిట్లు కావాల్సివచ్చాయి, అప్పుడు సమయం 8 గంటలు. ఆరేళ్లలో క్యూబిట్ల అవసరం ఇరవయ్యో వంతుకు దిగిపోయింది. చాలావరకు కాగితం మీద లెక్కను సానబట్టడం వల్లే దిగింది.

ఈ రెండు కబుర్లను పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి 156 ఎంత చిన్న సంఖ్యో తెలుస్తుంది. అలాగని నిశ్చింతగా కూర్చోవడానికి ఎందుకు వీల్లేదో కూడా తెలుస్తుంది. యంత్రం రావడం మీద నాకే అభ్యంతరమూ లేదు, రానివ్వండి. డబ్బుంటే యంత్రం వస్తుంది. గిడ్నీ పేపర్ వచ్చిన వారంలోనే దాన్ని ముందేసుకుని, ఇందులో ఫలానా ఊహ నిలబడుతుందా అని నిలదీసే నలుగురు కావాలంటే మాత్రం డబ్బొక్కటే చాలదు. నాగార్జున విశ్వవిద్యాలయం, వడ్డేశ్వరం, వడ్లమూడి, నీరుకొండ, ఐనవోలు... గంట ప్రయాణంలో ఇన్ని విశ్వవిద్యాలయాలున్నాయి. అయినా ఆ నలుగురూ ఒక గదిలో కూర్చునే అలవాటు మాత్రం మన దగ్గర పాతుకోలేదు.

తప్పు పట్టడానికి నేనెందుకింత విలువ కడుతున్నానో చెప్పడానికి సైక్ కథ ఒక్కటి చాలు. క్వాంటమ్ యంత్రాలకు కూడా లొంగని తాళాల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఏళ్ల తరబడి బహిరంగ పోటీ నడిపింది. 2022 జులై మొదట్లో నాలుగో రౌండుకు చేరిన వాటిలో సైక్ ఒకటి. ఎలిప్టిక్ కర్వ్‌లు అనే గణిత వక్రరేఖల మీద కట్టిన సొగసైన నిర్మాణం. దానికి మూలమైన పద్ధతి 2011 నుంచీ లోకం ముందు ఉంది, పునాదిని ఎవరూ కదపలేకపోయారు. ఆ నెల తిరక్కుండానే బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన వౌటర్ కాస్ట్రిక్, థామస్ డెక్రు దాన్ని కూల్చేశారు. వాళ్లకు క్వాంటమ్ యంత్రం అక్కర్లేకపోయింది. మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ మీద, సుమారు గంటలో, సైక్ తాళాల్లో ఒకటి ఊడి చేతికొచ్చింది. వాళ్లు వాడిన పనిముట్టు ఎర్న్‌స్ట్ కాని అనే గణితజ్ఞుడు 1997లో నిరూపించిన సిద్ధాంతం. శుద్ధ గణితం. దానికి బ్యాంకులతోనూ పాస్‌వర్డ్‌లతోనూ ఏ చుట్టరికమూ లేదు. పాతికేళ్లపాటు గ్రంథాలయంలో కూర్చుని, సరిగ్గా అవసరమైనప్పుడు లేచి వచ్చింది.

సైక్ కట్టినవాళ్లు దీనికి అలగలేదు, లాయర్ నోటీసులు పంపలేదు. ఇది భద్రం కాదు, వాడకండి అని తమ పేజీలోనే రాసి పెట్టారు. 2024 ఆగస్టులో నిస్ట్ మొదటి మూడు ప్రమాణాలను విడుదల చేసిందంటే, దాని వెనక ఇలాంటి కూల్చివేతలు చాలా ఉన్నాయి. రేపు మన ఫోన్లలో, బ్యాంకు సర్వర్లలో కూర్చునేవి ఆ వడపోతలో మిగిలినవే.

ఈ అలవాటు మన గడ్డకు కొత్తదేమీ కాదు. స్టాటిస్టిక్స్‌లో ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సి.ఆర్. రావు బడి చదువులు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో సాగాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎమ్మే చేసి కలకత్తా వెళ్లారు. అక్కడ పాఠం చెబుతూ, శాంపిల్ బాగా పెద్దదైతే అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దు ఉంటుందన్న ఫలితం వివరిస్తున్నారు. మరి చిన్న శాంపిల్‌కో అని ఒక విద్యార్థి అడ్డుపడ్డాడు. ఆ కుర్రాడు తర్వాత పేరున్న ఆర్థికవేత్త అయిన వి.ఎం. దండేకర్. రావు ఆ రాత్రే కూర్చుని రుజువు తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పారు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయిన ఆ పేపరే ప్రపంచమంతా క్రామర్-రావు హద్దు అని చెప్పుకునేదానికి ఆధారం. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. దానికి అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చేసరికి, 2023లో, నూట రెండు. ఆ రోజు దండేకర్ నోరు మూసుకుని నోట్సు రాసుకుని ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

ఇప్పుడు ఆ నూజివీడు, నందిగామ చుట్టుపక్కల ఏ జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌కైనా వెళ్లండి. ల్యాబంటూ తెరిచి ఉంటే. సింపుల్ పెండ్యులమ్ ప్రయోగం, గురుత్వ త్వరణం జీ విలువ కనుక్కోవాలి. మీటరు పొడవు దారానికి గుండు కట్టి, 20 ఊపులకు పట్టిన సమయం చూస్తే 40 సెకన్ల చిల్లర వస్తుంది. చేత్తో నొక్కే స్టాప్ క్లాక్‌తో అర సెకను అటూ ఇటూ తప్పదు. 40లో అర అంటే ఒకటింపావు శాతం. సూత్రంలో సమయానికి వర్గం ఉంది కాబట్టి జీ దగ్గరికొచ్చేసరికి అది రెండున్నర శాతం, అంటే సెంటీమీటర్ల లెక్కలో జీ 980 అయితే ఇంచుమించు 25. నిజాయితీగా చేసిన పిల్లల రికార్డుల్లో ఒకరికి 960, ఒకరికి 1000, ఇంకొకరికి 985 రావాలి. మన రికార్డుల్లో అందరికీ 980 వస్తుంది, కాస్త గడుసువాడైతే 979.6. ముందు జవాబు రాసుకుని, ఎల్ బై టీ స్క్వేర్ 24.8 వచ్చేలా వెనక్కి లెక్కగట్టి రీడింగులు నింపడం అందరికీ తెలిసిన విద్యే. ముప్పై మార్కుల ప్రాక్టికల్స్‌లో 960 రాసినవాడికి కోత, 980 రాసినవాడికి ఫుల్లు. అంచనాల్లో ఎంత చెదురు తప్పదో లెక్కగట్టిన మనిషి చదువుకున్న జిల్లాలో, చెదురు లేకపోవడమే దొంగ లెక్కకు గుర్తని పిల్లలకు చెప్పేవాళ్లు లేరు.

కోచింగ్‌ను తిట్టడం తేలిక, అందుకే దాన్ని వదిలేస్తున్నాను. గొల్లపూడి, నిడమానూరు హాస్టళ్లలో రెండేళ్లు రుబ్బిన పిల్లలకు లెక్క ముందు గంటలకొద్దీ కూర్చునే ఓపిక వస్తుంది, పరిశోధనకు అది చిన్న పెట్టుబడేమీ కాదు. నా గొడవ ఆ తర్వాతి మెట్టు మీద. పదిహేడేళ్లప్పుడు జీ విలువను వెనక్కి లెక్కగట్టిన చెయ్యే పదేళ్ల తర్వాత పీహెచ్‌డీలో టేబుళ్లు నింపుతుంది.

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట లైన్లలో థీసిస్ టైపింగ్, బైండింగ్ చేసే డీటీపీ సెంటర్లకు కొదవ లేదు. నల్ల రెగ్జిన్ అట్ట, బంగారు రంగు అక్షరాలు, ఆరు కాపీలు. అక్కడ కాసేపు నిలబడితే వినబడేది స్కోపస్, పర్సంటేజ్ అన్న రెండు మాటలే. స్కోపస్ అంటే లెక్కలోకి తీసుకునే జర్నళ్ల జాబితా, పర్సంటేజ్ అంటే ప్లేజరిజం శాతం, ఇతరుల రాతలతో పోలిన వాటా. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం లోపు పోలిక ఉంటే శిక్ష లేదు, దాటితే తిప్పి రాయాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నియమం మంచిదే. కానీ యంత్రం మాటల్ని పోలుస్తుంది గాని ఆలోచనల్ని పోల్చదు. దాంతో మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ పుట్టింది. 2021లో ఫ్రాన్స్‌లో గియోమ్ కబనాక్, ఆయన సహచరులు ఇలా మార్చిన పేపర్లను తవ్వి తీశారు. వాటిలో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అయింది, బిగ్ డేటా కలోసల్ ఇన్ఫర్మేషన్ అయింది. ఇవి రివ్యూ దాటి అచ్చయిన పేపర్లు. అంటే రచయిత గాని, రివ్యూ చేసినవాళ్లు గాని, ఎడిటర్ గాని ఒక్కసారైనా చదవలేదన్నమాట.

ఎవరూ చదవని సరుకు ఎలా అమ్ముడవుతోంది? ఇక్కడ మీడియా ఆర్థికశాస్త్రం చెప్పేది వినాలి. పత్రిక రెండు వైపులా సరుకు అమ్ముతుంది. పాఠకుడికి వార్త, ప్రకటనదారుకు పాఠకుడు. ఒక వైపు తగ్గించి ఇచ్చి రెండో వైపు రాబట్టుకుంటుంది. ఇలాంటి సంతల మీద ఫ్రెంచి ఆర్థికవేత్తలు రోషే, జా తిరోల్ 2003లో రాసిన పేపర్ ప్రసిద్ధం. తిరోల్‌కు 2014లో నోబెల్ వచ్చింది. పొద్దున్నే గుమ్మంలో పడే దినపత్రికకు మనమిచ్చే ధర దాని ఖర్చుకు చాలదని తెలిసిందే, మిగతాది బీసెంట్ రోడ్డు బట్టల కొట్టు, బెంజి సర్కిల్ కాలేజీ యాడ్లు కడతాయి. పరిశోధన జర్నల్ ఇంకా వింతైన వ్యాపారం. రాసేవాడు ఉచితం, దిద్దేవాడు ఉచితం, ఇద్దరి జీతాలూ విశ్వవిద్యాలయమే ఇస్తుంది. అచ్చయ్యాక అదే విశ్వవిద్యాలయం చందా కట్టి కొనుక్కుంటుంది, లేదా అందరూ చదివేలా పెట్టమని రచయితే ఎదురు డబ్బు కడతాడు. కొన్ని పెద్ద ప్రచురణ సంస్థల లాభాలు రాబడిలో మూడో వంతు దాటడంలో ఆశ్చర్యమేముంది? రచయిత కట్టే పద్ధతి వచ్చాక పాఠకుడితో పని తప్పింది. ఎంత ఎక్కువ అచ్చు వేస్తే అంత రాబడి. మన వైపు నుంచి ర్యాంకింగులు, ప్రమోషన్లు ఆ గిరాకీని ఎగదోస్తున్నాయి.

కేంద్రం 2024 నవంబరులో ఆమోదించిన ఒకే దేశం, ఒకే చందా పథకం రూ. 6,000 కోట్లతో మూడేళ్లపాటు 30 మంది ప్రచురణకర్తల నుంచి 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తోంది. నాగార్జునలో చదివే స్కాలర్‌కు ఇది నిజంగా మేలు. అటు గణితం, ఫిజిక్స్ వాళ్లకు మాత్రం పాల్ గిన్స్‌పార్గ్ 1991లో మొదలుపెట్టిన ఆర్కైవ్ పైసా అడక్కుండా ముప్పై ఏళ్లకు పైగా తెరిచే ఉంది. పోయిన్‌కరే ఊహకు పెరెల్మాన్ ఇచ్చిన రుజువు 2002-03లో అక్కడే వచ్చింది, ఆయన దాన్ని ఏ జర్నల్‌కూ పంపలేదు. కొన్నేళ్లపాటు మూడు బృందాలు కూర్చుని వరస వరసా పరిశీలించి, నిలబడిందని చెప్పాయి. చందా కట్టని చోట కూడా చదివేవాళ్లుంటే పని నడుస్తుందనడానికి అంతకన్నా రుజువేం కావాలి?

మీడియా మీద పరిశోధన విషయంలో మన నిర్లక్ష్యం మరీ విడ్డూరం. విశాలాంధ్ర 1952లో, ఆంధ్రజ్యోతి 1960లో పుట్టింది విజయవాడలోనే. ఈనాడు 1989లో జిల్లా పేజీలు తెచ్చాక, మహానగరపు రేటు కట్టలేని తెనాలి కొట్టు కూడా ప్రకటన ఇవ్వగలిగింది. ఆ ప్రకటనల పక్కన ఊరి వార్తలు నింపడానికి మండలానికో కంట్రిబ్యూటర్ పుట్టాడు. దానితోపాటే, వార్త తెచ్చేవాడే యాడూ తేవాలన్న ఇబ్బందికరమైన ఏర్పాటూ పుట్టింది. దేశ పత్రికారంగానికే దారి చూపిన ఈ ప్రయోగాన్ని తొంభైల్లో ఊరూరా తిరిగి అధ్యయనం చేసింది అప్పట్లో ఆస్ట్రేలియాలో పనిచేసిన రాబిన్ జెఫ్రీ. మన కళ్లెదుటే ఉన్న ప్రెస్సుల జమాఖర్చులు మన ఆర్థికశాస్త్ర విభాగాలకు థీసిస్‌లుగా ఎందుకు తోచలేదో నాకిప్పటికీ అంతుపట్టదు. యజమానులకు కోపం వస్తుందనా?

కోపం సంగతికొస్తే కంప్యూటర్ భద్రతలో అదే అసలు అడ్డంకి. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచికి సీట్లు పెరిగాయి. కానీ మార్కుల పోర్టల్‌లో లొసుగు చూపించిన కుర్రాడికి మన దగ్గర దక్కేది మెచ్చుకోలు కన్నా మెమో కావడానికే అవకాశం ఎక్కువ. ఐటీ చట్టంలో సెక్షన్ 43 అనుమతి లేకుండా లోపలికెళ్లడాన్నే తప్పంటుంది. దురుద్దేశం ఉంటే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. మంచికి పరీక్షించిన పరిశోధకుడికి విడిగా రక్షణ ఏమీ రాసిపెట్టలేదు. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్, మిషిగన్ ఆచార్యుడు హాల్డర్‌మన్ తదితరులతో కలిసి ఈవీఎంను పరీక్షించి పేపర్ రాశాడు. ఆ ఆగస్టులో యంత్రం చోరీ కేసులో అరెస్టయ్యాడు. వాళ్ల నిర్ణయాలతో ఏకీభవించాల్సిన పని లేదు. పరీక్షించడానికి యంత్రాన్ని పద్ధతిగా ఇచ్చే దారి ఉండుంటే మాత్రం గొడవ పేపర్ మీదే జరిగేది, పోలీస్ స్టేషన్‌లో కాదు. ఆ దారి ముందు కాలేజీలే తెరవొచ్చు. తమ పోర్టల్‌ను ఏటా ఓ వారం సొంత పిల్లలకే అప్పగించి, రాతపూర్వకంగా అనుమతిచ్చి, పగలగొట్టమనొచ్చు. ఖర్చు లేదు, కాస్త సిగ్గు విడవాలి.

ఖర్చు లేని ఏర్పాటు ఇంకొకటి నిబంధనల్లోనే ఉంది. పీహెచ్‌డీ వైవాకు అధ్యాపకులు, ఇతర స్కాలర్లు, విద్యార్థులు రావచ్చని యూజీసీయే చెబుతోంది. మన దగ్గర అది ఎక్కువగా సన్మాన సభ. నోటీసు డిపార్ట్‌మెంట్ బోర్డు మీద ఉంటుంది, ప్రశ్నలు ముందే సర్దుకుంటాయి, శాలువా, బొకే, గైడ్ గారికి భోజనం. జిల్లా పేజీలో రోజూ నగరంలో నేడు అని ఒక పెట్టె వేస్తారు కదా, ప్రవచనాలు, ఉచిత వైద్య శిబిరాలు, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో నాటకాలు. అందులో ఒక లైను ఇవ్వండి: ఫలానా థీసిస్, ఫలానా హాలు, ఉదయం పదిన్నర. థీసిస్ పీడీఎఫ్ వారం ముందే పెట్టండి. వడ్లమూడి వాళ్లు నీరుకొండకు, నీరుకొండ వాళ్లు నాగార్జునకు వెళ్లి వెనక వరసలో కూర్చుని అడగనివ్వండి, మూడో అధ్యాయంలో రీడింగులన్నీ ఇంత చక్కగా ఎలా వచ్చాయని.