తండ్రి రాతకు కొడుకు అనుమతా?

మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2020 ఆగస్టు 31న కన్నుమూశారు. నాలుగు నెలలైనా నిండకముందే, 2021 జనవరిలో రావలసిన ఆయన జ్ఞాపకాల పుస్తకాన్ని తాను చదివి లిఖితపూర్వకంగా సమ్మతించేదాకా ఆపాలని కుమారుడు, కాంగ్రెస్ మాజీ ఎంపీ అభిజిత్ ముఖర్జీ డిసెంబరు 15న ట్విటర్‌లో ప్రచురణకర్తలను కోరారు. తండ్రి జబ్బుపడక ముందే రాతప్రతి పూర్తిచేశారనీ, తుది ప్రతిలో ఆయన స్వదస్తూరీతో రాసిన సూచనలున్నాయనీ, అనవసరంగా అడ్డుపడవద్దనీ కుమార్తె శర్మిష్ఠ అక్కడే బదులిచ్చారు. ఆపమన్న పుస్తకం పేరైనా అన్నగారు సరిగా రాయలేదని కూడా ఆమె ఎత్తిచూపారు.

వారసుడికి రాతప్రతి చూసే హక్కు ఉంటుందన్న వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. అయితే చూడటం వేరు, ఆపడం వేరు. తాను రాష్ట్రపతి భవన్‌కు వెళ్లాక కాంగ్రెస్ నాయకత్వం రాజకీయ దృష్టి కోల్పోయిందనీ, పార్టీ వ్యవహారాలను సోనియా చక్కబెట్టలేకపోయారనీ ప్రణబ్ రాసినట్టు ఇప్పటికే బయటికొచ్చిన భాగాలు చెబుతున్నాయి. మోదీ తొలి విడత పాలన తీరునూ ఆయన విడిచిపెట్టలేదు. అభిజిత్ అభ్యంతరానికి మూలం పార్టీయా, కుటుంబమా అన్నది మాకు అనవసరం. ఈ ఒక్కసారికి ఆపితే రేపు ప్రతి నాయకుడి రాతకూ ఇంట్లో ఒక సెన్సారు అధికారి తయారవుతాడన్నదే మా ఆందోళన.

అయోధ్యపై పి.వి. నరసింహారావు రాసిపెట్టిన పుస్తకం ఆయన పోయాక, 2006లో వెలువడింది. ఆ వాదనను ఒప్పుకోనివారు ఎందరో ఉన్నారు, కానీ చదివాకే ఒప్పుకోలేదు. ఎవరో ఒకరు సమ్మతి పత్రం అడిగి ఉంటే, బాబ్రీ మసీదు కూలిన 1992 డిసెంబరు 6న ప్రధానిగా ఉన్న మనిషి మాటే మనకు దక్కేది కాదు. 1996లో ఈ బెంగళూరులోనే తుదిశ్వాస విడిచిన నీలం సంజీవరెడ్డి తన రాష్ట్రపతి పదవీకాలపు జ్ఞాపకాలను 1989లో, తాను బతికుండగానే అచ్చువేయించారు; చరణ్‌సింగ్‌ను ప్రధానిగా పిలిచిన నిర్ణయం నచ్చనివారు ఆయననే నిలదీసే వీలుండేది. ప్రణబ్‌కు ఆ అవకాశం లేదు. అందుకే ఆయన వాక్యాల జోలికి ఎవరూ పోకూడదు. దాచదలిస్తే రచయితే దాచుకుంటాడు: మౌలానా ఆజాద్ తన ఆత్మకథలో 30 పేజీలను తానే పక్కన పెట్టించారు, అవి 1988లో గానీ వెలుగు చూడలేదు. ఆ హక్కు ఆజాద్‌ది, ఆయన వారసులది కాదు.

ప్రచురణకర్తలు ఈ బెదిరింపుకు లొంగితే అంతకన్నా సిగ్గుచేటు లేదు. పుస్తకంలో తప్పులుంటే అభిజిత్ జవాబు పుస్తకం రాసుకోవచ్చు. ముందుగా మాత్రం మనందరిలాగే జనవరి దాకా ఆగి, దుకాణంలో డబ్బు కట్టి కొనుక్కుని చదవాలి.