సబ్‌స్టేషన్ వద్దు, కరెంటు ముద్దు

మా కర్నూలులో ఒక కాలనీ పెద్దలు అర్జీ ఒకటి తయారుచేశారు. కాలనీ చివర ఖాళీ జాగాలో 33/11 కేవీ సబ్‌స్టేషన్ కడతారంట, వెంటనే ఆపాలంట. కారణం రేడియేషన్. సంతకం పెట్టిన ఇంటింటికీ రెండేసి ఏసీలు, గీజరు, కొత్తగా కరెంటు స్కూటరు. పోయిన మే నెలలో లో ఓల్టేజికి ఏసీలు ఆడటం లేదని ఇంకో అర్జీ పెట్టిందీ ఈ మహానుభావులే.

మీటింగు ఏసీ హాల్లో జరిగింది. ఒకాయన వియ్యంకుడి ఊళ్లో సబ్‌స్టేషన్ పక్కన కట్టేసిన బర్రె చూడి కట్టలేదంట. ఇంకొకాయన పిల్లలకు మతిమరుపు వస్తుందని వాట్సాప్‌లో చదివినాడు, ఏ గ్రూపులోనో ఆయనకే గుర్తులేదు. అధ్యక్షుల వారు సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని మరీ రేడియేషన్‌ను ఖండించారు. తీర్మానం చదవబోతుండగా టప్పున కరెంటు పోయింది. అందరూ ఒక్కసారే లైన్‌మ్యాన్‌కు ఫోన్ కొట్టారు.

"ఏమప్పా, ఎప్పుడొస్తాది?"

"లోడు ఎక్కువై మీ కాలనీకొచ్చే ఫీడరు లైను ట్రిప్పయింది సార్. మీ పక్కన సబ్‌స్టేషన్ పడితే ఈ బాధ ఉండదు."

"అది మళ్లీ మాట్లాడుకుందాం. ముందు కరెంటియ్యి!"

ఓర్వకల్లు వైపు 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది కదా, కరెంటు అక్కడినుంచి నేరుగా తమ ఏసీలోకి దూకుతుందని వీళ్ల లెక్క. నడుమ ఓల్టేజి మెట్టు మెట్టుగా దిగాలి. 33 వేల ఓల్టుల నుంచి 11 వేలకు దించేదే ఈ సబ్‌స్టేషన్. అది ఎంత దూరమైతే తీగల్లో అంత కరెంటు వేడిగా పోతుంది, కొసనున్న ఇంటికి అంత ఓల్టేజి తగ్గుతుంది.

రేడియేషన్ అంటారా? కరెంటు తీగల అయస్కాంత క్షేత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో "కారకం కావచ్చు" అనే జాబితాలో పెట్టింది. 2011లో అదే జాబితాలోకి సెల్‌ఫోన్ తరంగాలూ చేరాయి. అధ్యక్షుల వారి చెవి క్షేమమే కదా?

నిజంగా అడగాల్సినవి అర్జీలో ఒక్కటీ లేవు. ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల లీటర్ల నూనె ఉంటుంది, కారితే పట్టే గుంత కట్టారా? లైను చెడితే కరెంటు తెంచే బ్రేకర్లు కొన్నింటిలో ఎస్ఎఫ్6 వాయువు ఉంటుంది, అది భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 23,000 రెట్లకు పైమాటే. లీకు చూసేదెవరు? రాత్రంతా వచ్చే గుయ్యిమనే మోతకు అడ్డుగోడ ఉందా? లైను కింద వేపచెట్లు నరికితే బదులు ఎక్కడ నాటుతారు? ఇవి అడగాలంటే చదవాలి. బర్రె కథకు చదువుతో పనిలేదు.

ఇంతవరకు నవ్వుకున్నాను. అర్జీ ఆఖరి వాక్యం ఇది: "ప్రత్యామ్నాయంగా పేదల ఇండ్ల స్థలాల వద్ద నిర్మించుకోవచ్చును."

ఏం, అక్కడి పిల్లలకు మతిమరుపు రాదా? చెత్త డంపు వాళ్లకే, మురుగు కాలువ వాళ్లకే, ఇప్పుడు మీరు విషమని నమ్మే వస్తువూ వాళ్లకేనా? రేకుల కింద ఒక బల్బు, ఒక ఫ్యాను పెట్టుకున్న మనిషి మీ ఇంటికొచ్చి గిన్నెలు తోమాలి, మీ ఏసీకి వచ్చే రేడియేషనూ మోయాలి! విషమని నమ్మితే ఎక్కడా వద్దనండి. కాదని తెలిస్తే నోరు మూసుకోండి. రెండూ చేతకాకపోతే, సోమవారం కలెక్టరేట్‌కు అర్జీ తీసుకుపోయేటప్పుడు మీ ఇళ్ల మీటర్లు ఊడబీకి దానికి జతచేయండి.