ఈ ఏడాది నేను చదివిన ముందుమాటలు: ఒక శ్వేతపత్రం

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం మారితే ముందుగా వచ్చేది శ్వేతపత్రం. ఖజానాలో ఎంత మిగిలింది, అప్పు ఎంతుంది, పాతవాళ్లు ఏమేం తగలేశారు అన్నది జనానికి చెప్పడం కొత్తవాళ్ల మొదటి ధర్మం. ఏడాది మారినా అంతేనని నా అభిప్రాయం. జనవరిలో ‘ఈ ఏడు యాభై పుస్తకాలు చదువుతాను’ అని నలుగురి ముందూ మాటిచ్చిన పెద్దమనిషికీ, డిసెంబరు చలిలో శాలువా కప్పుకుని ఇది రాస్తున్న నాకూ ఎలాంటి సంబంధమూ లేదు. ఆయన చేసిన అప్పులు మాత్రం నా నెత్తిన పడ్డాయి. అందువల్ల పఠనరంగంలో గత పాలకుడి నిర్వాకాన్ని బయటపెట్టక తప్పడం లేదు.

కొన్న పుస్తకాలు 43. ఆసాంతం చదివినవి 9. అందులో రెండు వంటల పుస్తకాలు. మిగిలిన 34 ఏమయ్యాయని ప్రతిపక్షం, అంటే మా ఆవిడ, నిలదీస్తోంది. అవి చదవలేదనడం దుష్ప్రచారం. ఒక్కదాన్ని మినహాయిస్తే ఆ 43 పుస్తకాల్లోనూ నేను అక్షరం వదలకుండా చదివిన భాగం ఒకటుంది. ముందుమాట. నిన్న రాత్రి కూర్చుని లెక్కపెడితే మొత్తం 112 తేలాయి. సగటున పుస్తకానికి రెండున్నర పైచిలుకు. కాబట్టి అందరూ ‘ఈ ఏడాది నాకు నచ్చిన పది పుస్తకాలు’ అని జాబితాలు వేస్తున్న ఈ శుభసమయంలో, నిజాయితీగా నేను వేయగలిగింది నచ్చిన, నచ్చని ముందుమాటల జాబితా ఒక్కటే.

ఇలా ఎందుకు జరిగిందో చెబుతాను. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి వెళ్లినవాళ్లకు అర్థమవుతుంది. ఎన్టీఆర్ స్టేడియం దుమ్ములో, ఒక చేత్తో మిర్చి బజ్జీ, రెండో చేత్తో పుస్తకం. వెనక నుంచి స్కూలు పిల్లల దండు తోసుకుపోతుంటుంది. ఆ భంగిమలో నవల చదవలేం. ముందుమాట చదవగలం. ‘ఇది చదవనివాడు తెలుగువాడే కాడు’ అని అందులో ఉంటుంది. ఉన్న ఒక్క తెలుగుతనం అదీ పోతుందేమోనన్న భయంతో కొనేస్తాం. సాక్ష్యం కావాలంటే మా ఇంటికి రండి. నా పుస్తకాల్లో కనీసం అరడజనుకి ముందుమాట మీద బజ్జీ నూనె మరక ఉంటుంది. కథ మొదలయ్యే పేజీ నుంచి మాత్రం పుస్తకం పెళ్లికూతురులా మచ్చ లేకుండా ఉంటుంది.

ముందుమాటకి మన భాషలో ఉన్నన్ని పేర్లు విష్ణుమూర్తికి కూడా ఉండవేమో. తొలిపలుకు, మున్నుడి, ఆముఖం, ప్రస్తావన, పీఠిక, భూమిక, ఆప్తవాక్యం, అభినందన, ఆశీస్సు. ఇవన్నీ ఒకే పుస్తకంలో వరసగా రావచ్చు. రాసినవాళ్లు ఒకరినొకరు చూసుకోరు కాబట్టి అందరూ రచయిత పుట్టిన ఊరి గురించే చెబుతారు. పేరుకీ నిడివికీ ఎప్పుడూ విలోమ సంబంధమే. ఈ ఏడాది నేను చదివిన ‘నాలుగు మాటలు’ పద్దెనిమిది పేజీలు. ‘ఒక్క మాట’ పదకొండు పేజీలు. ‘సమగ్ర పీఠిక’ అన్నది పేజీన్నర. దాన్ని రాసిన ఆచార్యులవారికి ఆరోజు బస్సు టైమైపోయి ఉంటుంది.

ఇక నిరాశపరిచినవాటిలోకి.

మూడో స్థానం ఒక కథల సంపుటిలో ఒక పెద్దాయన రాసినదానికి. మొదటి ఎనిమిది పేజీలు ఆయన యువకుడిగా ఉన్నప్పుడు రాజమండ్రిలో ఏ గదిలో అద్దెకుండేవారో, ఆ గదికి ఎవరెవరు వచ్చేవారో, ఆ వచ్చినవాళ్లు తర్వాత ఎంతెంత గొప్పవాళ్లయ్యారో. నాకు ఆ గది మీద ప్రేమ పుట్టింది. కిటికీలోంచి గోదావరి కనిపించేదట. తొమ్మిదో పేజీ చివర ‘ఇక ఈ కథల విషయానికొస్తే, స్థలాభావం వల్ల వివరంగా రాయలేకపోతున్నాను’ అని సంతకం పెట్టేశారు. ఊరేగింపంతా అయ్యాక చూస్తే పల్లకీలో పెళ్లికొడుకు లేడు.

రెండో స్థానం కవిత్వానికి. 96 పేజీల పుస్తకం. ఐదు ముందుమాటలు కలిపి 41 పేజీలు. మిగిలిన జాగాలో కవి, పేజీకి ఆరేడు పాదాల చొప్పున, కాలుచేతులు ముడుచుకుని పడుకున్నాడు. రెండో తరగతి స్లీపర్లో సైడ్ బెర్తు మీద ఆరడుగుల మనిషిలాగా. ఆ ఐదుగురిలో ముగ్గురికి కవిత్వంలో తడి కనిపించింది. గుండె తడి, మట్టి తడి, కంటి తడి, చూపు తడి, మాట తడి, ఒకచోట ‘నిశ్శబ్దపు తడి’. పెన్సిలు పట్టుకుని గీతలు కొడుతూ వెళ్లాను. 23 చోట్ల తేలింది. వడియాలతో పాటు ఆ పుస్తకాన్ని కూడా డాబా మీద పెట్టి వద్దామా అనిపించింది. ఇంతకీ ఆ కవికి తడితో ఏ సంబంధమూ లేదు. ఆయన రాసిందంతా కరెంటు బిల్లులు, పైఅంతస్తు వాళ్ల మిక్సీ, అపార్టుమెంటు లిఫ్టు గురించి. మంచి కవిత్వం. పొడిగా, కరకరలాడుతూ ఉంది. ఆ పొడితనాన్ని చూడగలిగితే ముందుమాట ఒక్క పేజీలో అయిపోయేది.

ఇదంతా ఇప్పుడు పుట్టిన జబ్బు కాదని గమనించాలి. మన పాత కావ్యాలకు అవతారిక ఉండేది. ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి, అంటే కావ్యం అంకితం తీసుకునేవాడి, వంశ వర్ణన, ఆయనకు అంకితమంటూ సాగే షష్ఠ్యంత పద్యాలు. అవన్నీ దాటితే గానీ కథలోకి ప్రవేశం లేదు. ఆ పద్ధతి నేటికీ చెక్కుచెదరలేదు. ఇష్టదేవత స్థానంలో డీటీపీ చేసిపెట్టిన అమ్మాయికి కృతజ్ఞతలు, పూర్వకవుల స్థానంలో ఫలానా పత్రికలో తొలికథ వేసుకున్న సంపాదకుడు. ఒక్క కుకవి నిందే పుస్తకంలోంచి లేచిపోయి ఫేస్‌బుక్కులో స్థిరపడింది. కృతిపతి విషయంలో మాత్రం పెద్ద మార్పు వచ్చింది. శ్రీనాథుడు ‘హరవిలాసం’ రాస్తే అంకితం తీసుకోవడానికి అవచి తిప్పయ్య సెట్టి లాంటి వర్తకుడు ఉన్నాడు. ఇప్పుడు 500 కాపీలకు ప్రెస్సువాడి బిల్లు కట్టేది రచయితే. కవీ ఆయనే, కృతిపతీ ఆయనే. తనని తను పొగుడుకోవడం బాగుండదు కాబట్టి ఐదుగురిని పిలిచి ఆ పని అప్పగిస్తున్నాడు. ఇందులో తప్పు పట్టడానికి నాకు మనసొప్పదు. ఖర్చు పెట్టుకున్నవాడికి సన్నాయి మేళమైనా ఉండొద్దా?

నచ్చినవాటికి ఈ ఏడాది పాతవే దిక్కయ్యాయి. ఒకటి ‘కన్యాశుల్కం’ 1897 నాటి మొదటి ప్రచురణకు గురజాడ తానే రాసుకున్న ముందుమాట. తెలుగు నాటకానికి ఇంగ్లీషులో రాశాడు. అయినా ఆయన తన గుండెతడి గురించి ఎక్కడా చెప్పుకోలేదు. లెక్క చెప్పాడు. విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖ జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారని, మూడేళ్లలో 1034 తేలాయని, ఏడాదికి సగటున 344 అని. డబ్బు పుచ్చుకున్నవాళ్లు ఒప్పుకోరు కాబట్టి ఈ లెక్క కూడా తక్కువేనని. తర్వాత వయసులు. ఐదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44. మూడేళ్లవాళ్లు 36. రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు.

నాటకం నాకు బాగా తెలుసు. గిరీశం నోరు తెరవగానే నవ్వడం మాకు ఇంట్లో అలవాటు. ఆ ముగ్గురు ఏడాది పిల్లల్ని చూశాక సుబ్బి పెళ్లి బేరం జరిగే చోట ఈసారి నవ్వు సగంలో ఆగింది. వాళ్లకి పళ్లు కూడా పూర్తిగా వచ్చి ఉండవు. పొగడ్త ఒక్క ముక్క లేదు, పెద్దల ఆశీస్సు లేదు. ఒక్క పట్టిక, పుస్తకం మొత్తాన్ని వేరే చూపుతో చదివించింది.

రెండోది ‘మహాప్రస్థానా’నికి చలం రాసిన ‘యోగ్యతాపత్రం’. దాని గురించి మన పెద్దలు రాసింది ఇంటి నిండా ఉంది కాబట్టి నేను ఒక్క సంగతే చెబుతాను. ఆయన దాన్ని రాసింది 1940లో. పుస్తకం అచ్చయింది 1950లో. ముందుమాట అంటే అదీ. నిజంగానే ముందు వచ్చింది. పదేళ్లు గుమ్మం దగ్గర నిలబడి పుస్తకం కోసం ఎదురుచూసింది. ఇప్పటి ముందుమాటల కోసం పదేళ్లుగా ఎదురుచూస్తున్న పుస్తకాలు ఉన్నాయని విన్నాను. అది వేరే విషయం.

పాఠకులు గమనించే ఉంటారు, నిరాశపరిచినవాటిలో మొదటి స్థానం ఇంకా ప్రకటించలేదు. శ్వేతపత్రమన్నాక దాచకూడదు. అది నేను రాసింది.

వేసవిలో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నా, నవల ప్రెస్సుకెళ్తోంది. నువ్వొక నాలుగు ముక్కలు రాస్తే నాకదే పదివేలు.” సరే పంపమన్నాను. వాట్సాప్‌లో ఫైలు వచ్చింది. తెరిస్తే ప్రెస్సుల్లో డీటీపీకి వాడే ‘అను’ ఫాంట్లు. నా కంప్యూటర్లో ఆ ఫాంట్లు లేవు. 312 పేజీలూ ప్రశ్నార్థకాలు, డాలరు గుర్తులు, కొమ్ముల్లేని ఏదో లిపి. అప్పుడే చెప్పాల్సింది. వారం పోయాక చెబితే బాగుండదు, రెండు వారాలు పోయాక అసలు చెప్పకూడదు. మూడో వారం ప్రెస్సు నుంచి కూడా ఫోన్లు. సరిగ్గా కనిపించింది అట్టబొమ్మ ఒక్కటే. నవల పేరులో ‘నీళ్లు’ ఉంది. నీళ్లంటే కరువు. కరువంటే సీమ. సీమంటే బిందె పట్టుకుని మైళ్లు నడిచే ఆడవాళ్లు. ఆ రాత్రే ‘కరువు నేలలో స్త్రీ హృదయపు తడి’ అని ఆరు పేజీలు రాసి పంపించాను. అవును, తడి. ఇందాకటి 23లో అది లేదు, విడిగా కలుపుకోవాలి.

పుస్తకం వచ్చాక తెలిసింది, అది కాకినాడ రేవు నుంచి వేటకెళ్లిన ఒక బోటు కథ. తొమ్మిదిమంది మనుషులు, తొమ్మిదిమందీ మగవాళ్లే, చుట్టూ కావలసినన్ని నీళ్లు.

ఫోన్ మోగింది.

“అన్నా, ఒక చిన్న సందేహం. బోటులో ఆడవాళ్లు నీకెక్కడ కనిపించారు?”

“అంతర్లీనంగా” అన్నాను.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. “నిజమే అన్నా. రాసిన నాకే తట్టలేదు చూడు” అన్నాడు.

అక్కడితో పోయినా బాగుండేది. రెండు నెలల తర్వాత ఒక పత్రికలో సమీక్ష వచ్చింది. సీమ కరువును, అక్కడి స్త్రీల వేదనను ఇంత ఆర్ద్రంగా చిత్రించిన నవల ఈ మధ్య రాలేదని. నా పేరు లేదు గానీ వాక్యాలు నావే. నేను చదవలేదు, సమీక్షకుడు చదవలేదు. చదివిన ఒకే ఒక్క మనిషి, రాసినవాడు, తన నవల మీద తనే అనుమానంతో ఉన్నాడు. ప్రాయశ్చిత్తంగా ఆ పుస్తకం పూర్తిగా చదివాను. నేను ముగించిన ఆ తొమ్మిదిలో అదొకటి. వల లాగే చోట రాత్రి వర్ణన చాలా బాగుంది. ఆ సంగతి ముందుమాటలో ఉండాల్సింది.

చివరగా ఈ ఏడాది అన్నిటికంటే నచ్చిన పుస్తకం. దీని పేరు ప్రకటించలేకపోతున్నందుకు విచారిస్తున్నాను. దాచడం కాదు, నాకే తెలియదు. అక్టోబరులో ఒక ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచిన గుట్టలో దొరికింది. ముందు అట్ట లేదు, వెనక అట్ట లేదు, మొదటి పదహారు పేజీలు లేవు. పేజీల తల మీద నవల పేరు వేసే అలవాటు కూడా ఆ ప్రెస్సుకి లేదు. 17వ పేజీ, ఒక రైల్వే గేటు దగ్గర, వాక్యం మధ్యలోంచి మొదలైంది: ‘...అని గేటు వేయడం మరిచిపోయి నిలబడింది.’ ఎవరావిడ, ఎందుకు మరిచిపోయింది? రెండు రాత్రుల్లో అయిపోయింది. ఇది గొప్ప నవలని నాకెవరూ చెప్పలేదు. రచయిత ఏ జిల్లావాడో, ఏ వాదమో, ఏ అవార్డో ఏమీ తెలియదు. మా ఆవిడ వచ్చి చూసి, “ఏవండీ, ఇవాళ పుస్తకం గురించి కాకుండా పుస్తకమే చదువుతున్నారే” అంది.

తర్వాతి ఆదివారం పరిగెత్తుకెళ్లాను. పేరైనా తెలిస్తే జాబితాలో వేసుకోవచ్చని. నలభై రూపాయలకు ఆ పుస్తకం ఇచ్చిన అతను గుర్తుపట్టాడు. ఇలాంటిదే ఇంకో కాపీ, ముందు పేజీలున్నది ఉందేమో చూడమన్నాను. గుట్టంతా తిరగేసి లేదన్నాడు.

“ముందు కాయితాలు లేవనే నలభైకిచ్చిన సార్. ఉంటే ఎనభై.”