కాస్త చూసిపెట్టు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు చెప్పిన మాట కంప్యూటర్ల విషయంలో పూర్తిగా తలకిందులైంది. ఇక్కడ వైద్యానికి పనికొచ్చేది పెరటి చెట్టొక్కటే. ఆకు కోసినందుకు దానికి డబ్బు ఇవ్వనక్కరలేదు, వేళాపాళా చూడనక్కరలేదు, జబ్బు నయం కాకపోతే పదిమందిలో దాన్ని ఆడిపోసుకోవచ్చు కూడా. గత ఇరవై ఏళ్లుగా మా బంధుమిత్రుల మధ్య అలాంటి చెట్టునై నిలబడి ఉన్నాను కనుక, వృత్తి కాని ఈ వృత్తి గురించి తెలిసిన నాలుగు ముక్కలు రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

ఈ పదవికి దరఖాస్తు లేదు, పరీక్ష లేదు, రాజీనామా అసలే లేదు. నా నియామకం మా పెద్దమ్మ ఇంట్లో జరిగింది. ఒకరోజు వాళ్ల కంప్యూటర్ తెర మీద బొమ్మంతా తలకిందులైంది. ఆ రోజుల్లో తెర మీది బొమ్మను నడిపించే గ్రాఫిక్స్ డ్రైవర్లు అనే ప్రోగ్రాములు కొన్నింటిలో కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు కింది బాణం మీటను నొక్కితే తెర తిరగబడేది. పై బాణం మీటను నొక్కితే మళ్లీ నిలబడేది. కీబోర్డు తుడుస్తున్న గుడ్డ ఏదో ఆ మూడు మీటలనూ ఒకేసారి పలకరించి ఉంటుంది. నేను వెళ్లేసరికే ఆ ఇంట్లోవాళ్లు సమస్యకు తమదైన పరిష్కారం కనిపెట్టుకుని పదిహేను రోజులైంది. మానిటర్‌నే తిరగేసి, స్టాండు ఆకాశం వైపు చూస్తుండగా, పడిపోకుండా రెండు పక్కలా లావుపాటి నిఘంటువులు ఆనించి, హాయిగా పని చేసుకుంటున్నారు. చిన్నవాణ్ని, తెలివితేటలు చూపించాలన్న ఉబలాటం ఉన్నవాణ్ని. వంగి మూడు మీటలూ నొక్కాను. తెర సరైంది. మానిటర్ మాత్రం తలకిందులుగానే ఉంది కనుక వాళ్ల కంటికి బొమ్మ మళ్లీ తిరగబడింది. "బాగున్నదాన్ని పాడు చేశావు కదరా!" అంది పెద్దమ్మ. ఆ వాక్యమే నా నియామక పత్రం. ఇరవై ఏళ్లలో అందులో ఒక్క అక్షరం మారలేదు.

కంప్యూటర్ చెడిపోయిన ప్రతి ఇంట్లోనూ మొదట వినిపించే మాట "నేనేమీ చేయలేదు" అన్నది. ప్రశ్న అడగకముందే జవాబు వచ్చేస్తుంది. గుమ్మడికాయల దొంగ సైతం ఎవరో ఒకరు దొంగ అన్న తర్వాతే భుజాలు తడుముకున్నాడు. ఇక్కడ గుమ్మడికాయ ఊసైనా రాకముందే భుజాల తనిఖీ పూర్తవుతుంది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే యంత్రం మొరాయిస్తే, దాన్ని చూసుకునేవాళ్లు లోపలంతా వెతికి, రిలే అనే విద్యుత్ స్విచ్ ఒకదానిలో ఇరుక్కున్న చిమ్మటను బయటికి తీసి, లాగ్‌బుక్‌లో టేపుతో అంటించి, పక్కనే సంగతి రాసిపెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ వారి మ్యూజియంలో భద్రంగా ఉంది. వాళ్ల అదృష్టానికి నేను అసూయపడని రోజు లేదు. వాళ్లకు నిందితుడు దొరికాడు, సాక్ష్యం దొరికింది, అన్నిటికీ మించి ఆ చిమ్మట "నేనేమీ చేయలేదు" అనలేదు.

నాకు దొరికే సాక్ష్యాలు వేరు. ఒక మిత్రుడి ఇంట్లో తెర మూలన నిమిషానికోసారి ఎర్రటి పెట్టె పైకి లేచి, మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు ఉన్నాయంటూ అరిచేది. వెతికితే వైరస్ ఒక్కటీ లేదు. నోటిఫికేషన్లు పంపవచ్చా అని దారిన పోయే వెబ్‌సైట్లు అడిగినప్పుడల్లా ఎవరో 'అలౌ' అని నొక్కుతూ వచ్చారు. బ్రౌజర్ సెట్టింగుల్లోని జాబితా తెరిస్తే అలా అనుమతి పొందినవి ముప్పై ఏడు తేలాయి. ఇన్నింటికి అనుమతి ఎవరిచ్చారని అడిగాను. "అదే ఇచ్చుకుంది" అన్నాడు మిత్రుడు, దాని స్వభావం నీకు తెలియదన్నట్టు.

ఇక వృత్తి రహస్యం ఒకటి బయటపెడతాను. నా సాటి చెట్లు నన్ను క్షమించాలి. మా పాండిత్యంలో ముప్పాతిక భాగం, తెర మీద రాసి ఉన్నదాన్ని చదవడమే. మా బాబాయి దినపత్రికను మొదటి పేజీలోని తేదీ నుంచి చివరి పేజీ అడుగున ప్రచురణకర్త పేరు దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివే మనిషి. బ్యాంకు కాగితాల్లో చీమ తలకాయంత అక్షరాలను కూడా భూతద్దం పెట్టి చదివి, తప్పు పట్టుకుని, మేనేజరును పిలిపించినవాడు. అంతటివాడికి కంప్యూటర్ ముందు కూర్చోగానే చదువు మొత్తం ఆవిరైపోతుంది.

"ఏదో వచ్చిందిరా," అంటాడు ఫోన్‌లో.

"ఏం వచ్చింది బాబాయ్?"

"ఏదో పెట్టె."

"అందులో ఏం రాసుంది?"

"తీసేశాను."

మళ్లీ వచ్చినప్పుడు తీసేయకుండా చదవమని బతిమాలితే, కాసేపటికి ఫోన్ చేసి, డిస్క్ నిండిపోయిందనీ, కొన్ని ఫైళ్లు తీసేసి ఖాళీ చేయమనీ ఉన్న రెండు వాక్యాలను స్పష్టమైన ఉచ్చారణతో చదివి వినిపించి, "అంటే ఏమిటంటావు?" అని అడిగాడు. "డిస్క్ నిండిపోయిందట, కొన్ని ఫైళ్లు తీసేయమంటోంది" అన్నాను. "అదీ! నువ్వు చెబితేగానీ తెలియలేదు చూడు" అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పును నేను కాదనలేదు. నా కీర్తి సౌధం మొత్తం ఇలాంటి ఇటుకలతోనే లేచిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు గానీ, ఆ మాట బాబాయికి చెప్పే ధైర్యం మాత్రం లేదు.

పాండిత్యంలో మిగిలిన పావు భాగం రీస్టార్ట్. శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదన్న సామెతను మా రంగం చూసే పుట్టించారేమోనని నా అనుమానం. ఒకసారి రీస్టార్ట్ చేయండి అని ఊరికే చెబితే ఎవరూ వినరు. ఆ మాత్రం మాకు తెలియదా అన్నట్టు ముఖం పెడతారు. అదే కుర్చీ లాక్కుని కూర్చుని, నల్లటి కమాండ్ కిటికీ ఒకటి తెరిచి, అందులో తెల్లటి అక్షరాలు నాలుగు వరసలు పరుగెత్తేదాకా కనుబొమలు ముడిచి చూసి, "ఊఁ" అని గొంతు సవరించుకుని, ఆ తర్వాత రీస్టార్ట్ చేస్తే అది చికిత్స అవుతుంది. నిజానికి ఇందులో మాయ ఏమీ లేదు. ప్రోగ్రాములు పని కోసం మెమరీ తీసుకుంటాయి, కొన్ని దాన్ని తిరిగి ఇవ్వడం మరిచిపోతాయి. అప్పు పేరుకుపోయి యంత్రం నీరసించినప్పుడు, రీస్టార్ట్ చేస్తే ఖాతాలన్నీ కొట్టేసి కొత్త పుస్తకం తెరిచినట్టవుతుంది.

చిక్కు ఎక్కడంటే, అందరూ తాము రోజూ ఆఫ్ చేస్తున్నామనే అంటారు. నిజమే అంటారు, పాపం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం ఒకటి ఉంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే విండోస్ తన గుండెకాయ లాంటి కెర్నెల్ అనే భాగం స్థితిని డిస్క్ మీద దాచుకుని నిద్రపోతుంది, మర్నాడు లేచి దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. పూర్తిగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. అంటే యంత్రాన్ని ఆఫ్ చేస్తే ఆఫ్ అవదు, ఆఫ్ చేయకుండా తిప్పితేనే ఆఫ్ అవుతుంది. ఈ వేదాంతాన్ని ఒక పెద్దాయనకు రుజువుతో సహా చూపించబోయాను. టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ కింద 'అప్ టైమ్' అని ఉండే, యంత్రం పూర్తిగా మొదలై ఎంతకాలమైందో చెప్పే అంకెను వేలితో చూపించాను. నలభై ఒక్క రోజులు అని ఉంది. ఆయన ఆ అంకె వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "అంటే నేను రోజూ ఆఫ్ చేస్తున్నానని అబద్ధం చెబుతున్నానా?" అన్నారు. కంప్యూటర్ ఆ పూటే బాగుపడింది. ఆయనకూ నాకూ మధ్య మాటలు బాగుపడటానికి మరో నలభై ఒక్క రోజులు పట్టింది.

రీస్టార్ట్ కోసం కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు మీటల కూడికను తయారుచేసినవాడు ఐబీఎంలో ఇంజనీరుగా పనిచేసిన డేవిడ్ బ్రాడ్లీ. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కోసం చేశాడు. పొరపాటున నొక్కుకోకుండా ఉండాలని, ఒక చేతికి కుదరనంత దూరంలో ఉన్న మీటలను ఎంచుకున్నాడు. గుడ్డతో తుడిచే మానవజాతి సంగతి ఆయన ఒక్కడే సరిగ్గా ఊహించాడని నేను భావిస్తాను.

పాస్‌వర్డుల దగ్గరికి వస్తే, వాటిని 1960ల మొదట్లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో, పలువురు పంచుకునే కంప్యూటర్ మీద ప్రవేశపెట్టిన ఫెర్నాండో కార్బటో, తాను మొదలుపెట్టిన ఆచారం పీడకలగా మారిందని 2014లో వాపోయాడు. ఆయన పీడకల గురించి ఊహించాడు. నేను అందులో కాపురం ఉంటున్నాను. "పాస్‌వర్డ్ ఏమిటి?" అని అడిగితే నూటికి తొంభై మంది "నువ్వే కదా పెట్టావు" అంటారు. జాగ్రత్తపరురాలైన మా పిన్ని ఒక్కతే బీరువా తెరిచి, చీరల మడతల కిందినుంచి చిన్న డైరీ తీసి నా చేతిలో పెట్టింది. అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో పదకొండు పాస్‌వర్డులు ఉన్నాయి. ఏది ఏ ఖాతాదో మాత్రం రాయలేదు. "దొంగల చేతిలో పడితే?" అంది. నిజమే, దొంగ నాలాగే నేల మీద కూర్చుని ఒక్కొక్కటే కొట్టి చూడాలి. అయిదోసారి తప్పగానే కాసేపు ఆగి రమ్మని యంత్రం చెప్పగా, అతడు ఇంకో ఇంటికైనా పోతాడు. నాకు ఆ వెసులుబాటు లేదు.

ప్రింటర్ల గురించి ఎక్కువ రాయదలచుకోలేదు, గుండె మీదికి వస్తుంది. రౌటర్ దానికి కొత్త ఐపీ చిరునామా ఇచ్చి ఉంటుంది, కంప్యూటర్ పాత చిరునామాకే ఉత్తరాలు రాస్తూ ఉంటుంది, పక్కనే పచ్చదీపంతో వెలుగుతున్న ప్రింటర్‌ను 'ఆఫ్‌లైన్' అంటుంది. ఈలోగా ఇంటివాళ్లు ప్రింట్ బొత్తాన్ని పదకొండుసార్లు నొక్కి ఉంటారు. నేను చిరునామా సరిచేసిన మరుక్షణం ఆ పదకొండూ వరసగా బయటికి వస్తాయి. "నువ్వు ఒకటి చేయబోయి ఇన్ని చేశావేం?" అంటారు.

ఈ పదవిలో అసలు బరువు పనిది కాదు, బాధ్యతది. నేను చేయి పెట్టనంత వరకు యంత్రం చెడిపోవడం విధిలీల. ఒక్కసారి ముట్టుకున్నానా, ఆ పైన దానికి జరిగే ప్రతి అనర్థానికీ ఒక మనిషి దొరికినట్టే. విధిని ఫోన్ చేసి పిలవలేరు, నన్ను పిలవగలరు, తేడా అంతే. కంటిచూపు మందగించిన ఒక మాస్టారుకు తెర మీది అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. ఎనిమిది నెలల తర్వాత ఆయన కంప్యూటర్‌లో ఫ్యాన్ ఆగిపోయింది. "నువ్వు అక్షరాలు పెద్దవి చేసిన దగ్గర్నుంచీ దానికి మోయలేని బరువైంది నాయనా" అన్నారు, నొప్పించకూడదన్న మర్యాదతో. నాకు పాఠాలు చెప్పిన మనిషి. తల వంచుకుని ఫ్యాన్ మార్పించాను.

ఇంత చెప్పాక మా బాబాయి సంగతి దాచడం న్యాయం కాదు. ఆమధ్య మూడు వారాలు ఆయన దగ్గరినుంచి ఫోన్ రాలేదు. ఆరోగ్యం ఎలా ఉందోనని నేనే చేశాను. "మొన్న మళ్లీ ఏదో పెట్టె వచ్చిందిరా. సరే ఏముందోనని చదివాను. అది చేయమన్నది చేశాను. సరిపోయింది" అన్నాడు, వాకిట్లో పడ్డ పేపరు తెచ్చుకున్నంత మామూలుగా. సంతోషం అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదని కూడా ఒప్పుకుంటున్నాను.

ఆదివారం ఊరికే చూసిపోదామని వెళ్లాను. వెళ్లినవాణ్ని బాబాయిని పలకరించి రావాలి కదా. ముందు కంప్యూటర్ దగ్గరికి నడిచాను. డిస్క్‌లో కావలసినంత ఖాళీ ఉంది. అప్ టైమ్ మూడు గంటలు. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు వరసగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. ఎవరూ నన్ను ఏమీ చూసిపెట్టమనలేదు. వచ్చాను కదా అని, వాయిదా పడి ఉన్న అప్‌డేట్ ఒకటి కనిపిస్తే దాన్ని నొక్కాను. మధ్యలో తెర మీద ఏదో పెట్టె లేచింది. తొందరలో తీసేశాను. ముప్పావు గంట తర్వాత యంత్రం లేచింది గానీ, స్పీకర్లలోంచి చప్పుడు రాలేదు.

బాబాయి నా కుర్చీ వెనక నిలబడి కాసేపు చూశాడు.

"ఇందాకటిదాకా బాగానే పాడిందిరా," అన్నాడు. "మధ్యలో ఏదో పెట్టె వచ్చింది, ఏం రాసుంది అందులో?"

"నేనేమీ చేయలేదు బాబాయ్," అన్నాను.