ఇంగ్లండ్ వైన్ ఔషధం కాదు: తిరుగుతున్న ఒక సందేశానికి జవాబు

ఇంగ్లండ్ వైన్‌ను ఆకాశానికెత్తే ఒక సందేశం కొన్నాళ్లుగా తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. లండన్ మిత్రులు పంపినదే గుంటూరు బంధువులూ పంపుతున్నారు. ఇది తప్పని చెప్పిన మర్నాడే మళ్లీ వస్తోంది. అందులోని వాదనలు ఇవి: ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు బుడగల వైన్ షాంపేన్‌ను కనిపెట్టింది ఇంగ్లండే, అక్కడి తోటలన్నీ సుద్దనేలల్లోనే ఉన్నాయి, చలికి తెగుళ్లు రావు గనుక ఏ మందూ పిచికారీ చేయరు, చలిలో పండిన ద్రాక్షలో ఆల్కహాల్ నామమాత్రం గనుక షుగర్ ఉన్నవారు సైతం రోజూ రెండు గ్లాసులు తాగితే గుండెకు మేలు, ‘బ్రిటిష్ వైన్’ అని రాసి ఉన్న సీసానే కొనాలి, అక్కడి స్పార్క్లింగ్ (బుడగల) వైన్ షాంపేన్‌ను ఓడించింది, ఫ్రెంచివారు ఇంగ్లండ్‌కు తరలిపోతున్నారు, బుడగలు లేని స్టిల్ వైన్ మాత్రం అక్కడిది పనికిరాదు.

సుద్దనేల సంగతి సగమే నిజం. వెస్ట్ ససెక్స్‌లో నైటింబర్ అనే వైన్ సంస్థ వారి తొలి తోటలు గ్రీన్‌సాండ్ అనే ఇసుకరాతి నేలలో ఉన్నాయి, కెంట్‌లో గస్‌బోర్న్ సంస్థ తోటలు బంకమట్టిలో ఉన్నాయి. ఇక కనిపెట్టడం విషయానికొస్తే, వైన్‌లో చక్కెర, మొలాసిస్ కలిపి బుడగలు పుట్టించే వాడుకను ఇంగ్లిష్ వైద్యుడు క్రిస్టఫర్ మెరెట్ 1662లో లండన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వర్ణించాడు. షాంపేన్‌ను కనిపెట్టాడని చాలామంది చెప్పుకునే ఫ్రెంచి సన్యాసి డోమ్ పెరిన్యో ఆ ప్రాంతంలోని ఓవిలే మఠానికి వచ్చింది 1668లో. అయితే మెరెట్ చెప్పింది వర్తకులు అప్పటికే చేస్తున్న పని గురించి. తానే కనిపెట్టానని ఆయన ఎక్కడా అనలేదు.

‘మందులు కొట్టరు’ అన్న మాట రాసినవారు ద్రాక్షతోట ముఖం చూసి ఉండరు. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష వేసిన ఏ రైతునడిగినా బూజు తెగులు, బూడిద తెగులు ఎప్పుడు విజృంభిస్తాయో చెబుతారు. ఆకులమీద తడి ఆరని వాతావరణమే బూజు తెగులుకు అనుకూలం, ఇంగ్లండ్ వేసవిలో తరచూ ఉండేది అదే. అందుకే అక్కడి రైతు గాలి ఆడేందుకు గుత్తుల చుట్టూ ఆకులు తుంచుతాడు, అయినా పిచికారీ తప్పదు. సేంద్రియ పద్ధతిలో పండించేవారు సైతం గంధకాన్ని, రాగి మందులను వాడతారు. చలి చేసే మేలు ఇంకెక్కడుంది? 2017 ఏప్రిల్ చివర్లో కురిసిన మంచుకు లేత చిగుళ్లు మాడిపోయాయి. 2012లో ద్రాక్ష సరిగా పండక నైటింబర్ ఆ ఏడాది వైనే తయారు చేయలేదు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఆరోగ్యం గురించిన వాదన. చల్లని ప్రాంతపు ద్రాక్షలో చక్కెర తక్కువగా, పులుపు ఎక్కువగా ఉంటుందన్నది నిజమే. కానీ చక్కెర చాలని రసానికి, చట్టం అనుమతించిన మేరకు, పులియబెట్టేటప్పుడు చక్కెర కలుపుతారు. తరువాత స్పార్క్లింగ్ వైన్‌కైతే సీసాలో రెండోసారి పులియడానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ చేర్చి మూత బిగిస్తారు; ఆ చక్కెరే సీసాలో 6 అట్మాస్ఫియర్ల దాకా (మామూలు గాలి ఒత్తిడికి ఆరింతలు) ఒత్తిడిని పుట్టిస్తుంది, ఆల్కహాల్‌ను ఇంకో ఒకటిన్నర శాతం వరకు పెంచుతుంది. చివరికి సీసామీద కనిపించేది దాదాపు 12 శాతం. దీన్నేనా నామమాత్రం అంటున్నారు? 150 మిల్లీలీటర్ల గ్లాసులు రోజుకు రెండు చొప్పున తాగితే వారానికి 25 యూనిట్లు (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్) దాటుతుంది; బ్రిటన్ వైద్యాధికారులు 2016లో స్త్రీపురుషులిద్దరికీ సూచించిన పరిమితి వారానికి 14 యూనిట్లు. ఆ సందేశం సలహా పాటించినవారు ఆ వైన్ పుట్టిన దేశపు వైద్యులే గీసిన గీతను ప్రతివారమూ దాటిపోతారు.

గుండెకు మేలు చేస్తుందని చెప్పే రెస్వెరట్రాల్ అనే పదార్థం ప్రధానంగా ద్రాక్ష తొక్కలో ఉంటుంది, రెడ్ వైన్‌లోనూ దాని పాలు స్వల్పమే. ఇంగ్లండ్ స్పార్క్లింగ్ వైన్‌లో ఎక్కువ భాగం తెల్లనిది; నల్లద్రాక్షతో చేసినా రంగు దిగకముందే గుత్తులను మెల్లగా పిండి, రసాన్ని తొక్క నుంచి వేరు చేస్తారు. లేని తొక్కలోని పదార్థం గుండెను ఎలా కాపాడుతుంది? ఆల్కహాల్ పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది. ఇన్సులిన్ గాని, సల్ఫోనైల్ యూరియా అనే రకం షుగర్ మాత్రలు గాని వాడుతున్నవారికి మద్యం వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మన ఇళ్లలో షుగర్ మాత్రలు వేసుకునే పెద్దలు ఎందరున్నారో ఈ సందేశాన్ని పంపేవారికి తెలియదా? ఆ ఒక్క వాక్యం కోసమైనా దీన్ని ఆపండి.

‘బ్రిటిష్ వైన్’ సలహా నేరుగా మోసపోవడానికే పనికొస్తుంది. ఆ పేరుతో అమ్మేది విదేశాల నుంచి తెప్పించిన గాఢ ద్రాక్షరసంతో బ్రిటన్‌లో తయారైన పానీయం. అక్కడి తోటల్లో పండిన ద్రాక్షతో చేసినది కావాలంటే లేబుల్‌మీద ‘ఇంగ్లిష్’ లేదా ‘వెల్ష్’ అని ఉందో లేదో చూడాలి.

షాంపేన్‌ను ఓడించిందన్న మాటను మాత్రం నేను కాదనలేను. 2010లో బ్రిటన్ వైన్ పత్రిక డికాంటర్ నిర్వహించిన అంతర్జాతీయ పోటీలో ఉత్తమ స్పార్క్లింగ్ వైన్ ట్రోఫీ ససెక్స్‌కు చెందిన రిడ్జ్‌వ్యూ సంస్థ వారి 2006 బ్లాంక్ ద బ్లాంక్‌కు (తెల్లద్రాక్షతోనే చేసిన వైన్) దక్కింది. షాంపేన్ కానిదానికి ఆ ట్రోఫీ రావడం అదే మొదలు. ఫ్రెంచివారు వచ్చిన మాటా నిజమే: షాంపేన్ తయారీ సంస్థ తెతాంజె 2015లో కెంట్‌లోని చిల్లం దగ్గర భూమి కొని 2017లో తీగలు నాటింది. కానీ ‘తరలిపోవడం’ అంటే ఉన్నచోటు ఖాళీ చేయడం. షాంపేన్ ప్రాంతంలో సుమారు 34,000 హెక్టార్ల తోటలుంటే, బ్రిటన్ మొత్తంలో ఉన్నవి 5,000 హెక్టార్ల లోపే.

స్టిల్ వైన్‌ను తీసిపారేయడం నన్ను నిజంగా బాధపెట్టింది. బాకస్ ద్రాక్షతో చేసే తెల్లవైన్‌లో కోసిన గడ్డి, ఎల్డర్‌పువ్వు వాసనలు కలగలిసిన తాజాదనం ఉంటుంది. లండన్ సమీపాన వర్షం తక్కువగా పడే ఎసెక్స్ క్రౌచ్ లోయలో, 2018 వంటి మంచి వేసవి దొరికితే, షార్డొనే, పినో న్వార్ రకాల ద్రాక్షలు 13 శాతం ఆల్కహాల్‌కు సరిపడా పండుతాయి. వానలతో, చలితో గడిచిన 2024 వంటి ఏడాదిలో అదే లోయలో దిగుబడి పడిపోతుంది. అందుకే స్టిల్ వైన్ కొనేటప్పుడు పేరుతోపాటు సీసామీది సంవత్సరాన్ని కూడా చూసి కొనండి.